మజ్జిగలో కలిపిన క్యాప్సూల్

ఆ సోమవారం పొద్దున మా ఆయన ఎడమ కాలికి చెప్పు ఎక్కలేదు. హనుమాన్ జంక్షన్‌లో లారీ బుకింగ్ ఆఫీసు ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. అందుకే వాచిందనుకున్నాం. సాయంత్రానికి పిక్క రాయిలా గట్టిపడింది. విజయవాడలో డాప్లర్ స్కాన్ తీశారు. "డీవీటీ అమ్మా. కాలి రక్తనాళంలో క్లాట్, రక్తం గడ్డకట్టింది. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది" అన్నారు డాక్టరు గారు. రక్తం పలచబరిచే మందు, బ్లడ్ థిన్నర్ మొదలుపెట్టారు.

నెల తర్వాత చూస్తే క్లాట్ అలాగే ఉంది. "టైం పడుతుందమ్మా" అన్నారు. ఎంత టైం? ఆయన దగ్గితే చాలు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందేమోనని లేచి కూర్చునేదాన్ని. నేను టీచర్ని. పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని.

అప్పుడే మా స్కూల్లో శారద మేడం ఒక సీసా ఇచ్చింది. "నాటోకైనేజ్ అండీ. సోయాబీన్ పులియబెట్టి తీస్తారంట. రక్తం బాగా ఆడుద్దంట. మందు కాదు, తిండే కదా!" ఆ చివరి మాట పట్టుకున్నాను. ఆయనకు చెబితే "ఇంకో మాత్రా? నా వల్ల కాదే" అంటారు. రోజూ క్యాప్సూల్ విప్పి మజ్జిగలో కలిపాను. అల్లం, కరివేపాకు దంచి వేస్తే వాసన తెలిసేది కాదు.

మూడో వారం చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. తర్వాత నల్లటి విరేచనాలు. ఒకరోజు పొద్దున్నే బాత్రూం గుమ్మంలో కూలబడ్డారు. ఆస్పత్రిలో "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. "లేదండీ, ఒట్టు" అన్నారు మా ఆయన, పాపం. పక్కనే నిలబడి నోరు విప్పలేదు నేను. ఛీ, నా బతుకు! మధ్యాహ్నం రెండో ప్యాకెట్ రక్తం ఎక్కిస్తున్నారు. "డోసు కరెక్టే, ఇంత బ్లీడింగ్ ఎందుకు?" అని డాక్టరు గారు తల పట్టుకుంటే, ఇక ఆగలేక ఏడుస్తూ అంతా చెప్పేశాను.

డాక్టరు గారు తిట్టలేదు. "రక్త ప్రసరణకు మంచిదేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి. కానీ బ్లడ్ థిన్నర్‌కి తోడైతే బ్లీడింగ్ పెరగొచ్చు. అదొక్కటే కారణమని చెప్పలేను. పొద్దున్నే చెప్పాల్సిందమ్మా."

మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. మూడో రోజు అన్నారు: "అడిగితే తాగేవాణ్ణే కదే. నా చేత అబద్ధపు ఒట్టేయించావు."

ఇప్పుడు కాలు నయం. ఆఫీసుకు వెళ్తున్నారు. చెకప్‌లో వేరే మందుల సంగతి అడిగినప్పుడల్లా ముందు నా మొహం చూస్తారు. ఆ చూపు భరించలేను.

మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు, తిండే అనుకున్నదైనా సరే, ఇంట్లో వాడే సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లి బల్ల మీద పెట్టండి. అంతకంటే ముందు, అది మింగే మనిషికి చెప్పండి.