ఆయన ఫ్రేములో నా వీపు

మా వీడియో మాస్టరుగారు పదకొండు రోజుల క్రితం, చెన్నై రాయపురంలోని ఒక కల్యాణ మండపంలో, ముహూర్తం జరుగుతుండగా తన కెమెరా పక్కనే కూలిపోయి మరణించారు. ఈ వార్త మీలో చాలామందికి ఫోనులో అంది ఉంటుంది. నాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. నేను ఆయనకు నలభై అడుగుల దూరంలో, వేదిక మెట్టు మీద, రెండో కెమెరాతో నిలబడి ఉన్నాను. నా వీపు ఆయన వైపు ఉంది.

మన వృత్తిలోకి కొత్తగా వచ్చినవారి కోసం ఆయన పని పద్ధతులు నాలుగు రాయమని మన వీడియోగ్రాఫర్ల సంఘం పత్రికవారు అడిగారు. రాస్తాను. కానీ ఒక పద్ధతి దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతోంది. దాన్ని చివరివరకు దాచడం నిజాయితీ కాదు గనుక ఇప్పుడే చెబుతున్నాను. ఆయన పడినప్పుడు ఇనుప కుర్చీ ఒరిగిన చప్పుడు నేను విన్నాను. విని, వెనక్కి తిరగలేదు.

ఇరవై రెండేళ్ళ క్రితం నేను ఆయన దగ్గర చేరింది కెమెరా పట్టడానికి కాదు. తిరువొత్తియూరు రైల్వే స్టేషను దగ్గర ఆయన స్టూడియో ఒకే ఒక గది. పెళ్ళి క్యాసెట్టు మొదట్లో వచ్చే పేర్లను తెలుగులో కొట్టిపెట్టే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. ఆయన కుటుంబం ఎన్నో తరాలుగా ఇక్కడిదే. ఇంట్లో తెలుగు, బడిలో అరవం.

"తెలుగు రాసేది వస్తాదామ్మా?" అని అడిగారు.

"తప్పు లేకుండా వస్తుందండీ" అన్నాను. అప్పటికి నా చదువు పదో తరగతి మాత్రమే అయినా, ఆ మాట తలెత్తే చెప్పాను.

"మాకు మాట్లాడేది వస్తాది, తిట్టేది ఇంకా బాగా వస్తాది. రాసేది మాత్రం అరవంలోనే. జార్జి టౌన్ వాళ్ళు పేర్లు తెలుగులో ఉండాలని ఒకటే పోరు. ఆడ కుర్చీ ఉండాది, కూచో."

మూడు నెలలు ఆ కుర్చీలోనే కూర్చున్నాను. ఒకనాడు పెళ్ళికూతురి గదిలోకి మగవాళ్ళు రాకూడదని ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. మాస్టరుగారు వాదించలేదు. స్టూడియోకు ఫోను చేసి నన్ను పిలిపించి, చిన్న కెమెరా నా చేతిలో పెట్టారు. "లోపలికి పో మే. ఎర్ర బొత్తాం ఒత్తు. చెయ్యి ఆడించబాక" అన్నారు.

నలభై నిమిషాలు తీశాను. మర్నాడు దాన్ని ఆయన మొదటినుంచి చివరిదాకా, ఎక్కడా ముందుకు జరపకుండా చూశారు. చూసి, "బాగుండాది. గాలివానలో పెండ్లి చేసినట్టుండాది" అన్నారు. నాకు చాలా అవమానమనిపించింది. ఆ వారమే ఆయన నాకు మొదటి పాఠం చెప్పారు.

ఏ దృశ్యం పట్టినా, పది లెక్కపెట్టేదాకా కెమెరా కదపకూడదు. "నువ్వు చూసేసినావు మే. ఇంట్లో కూచోని చూసేవాళ్ళు ఇంకా చూడలా. వాళ్ళకి కొంచెం టైమియ్యి" అనేవారు. ఆయన లెక్క మనసులో పెట్టేవారు కాదు, పెదవులతో పెట్టేవారు. ఆయన తీసిన పెళ్ళిళ్ళన్నిటిలోనూ, ఎడిటింగులో మనం కోసేసే భాగాల్లో, ఆ గొంతు సన్నగా వినిపిస్తుంది. ఒకటి, రెండు, మూడు అని. పదికి చేరిన తరువాత చిన్న దగ్గు.

ముహూర్తానికి రెండు గంటల ముందే మండపానికి చేరేవారు. చేరి, కెమెరా పెట్టె తెరిచేవారు కాదు. పందిట్లో ఎక్కడ కెమెరా నిలపాలని అనుకున్నారో అక్కడ ఒక కుర్చీ వేసుకొని ఊరికే కూర్చునేవారు. జనం ఎటునుంచి వస్తున్నారు, ఏ స్తంభం అడ్డు, ఏ దీపం కళ్ళలో కొడుతోంది, కరెంటు పోయి జనరేటరు వేస్తే ఏ లైట్లు ఆగిపోతాయి అన్నీ ఆ కుర్చీలోనే తేలిపోయేవి. తరువాత రెండు కాఫీలు చేతపట్టుకొని ఒకటి పురోహితుడికి, ఒకటి నాదస్వరం పెద్దాయనకు ఇచ్చేవారు. "స్వామీ, మేళానికి చెయ్యెత్తే ముందు నా పక్క ఒక్క చూపు చూడండి, చాలు" అని పురోహితుణ్ణి అడిగేవారు. ఆ చూపు కోసం నేటికీ కొందరు పురోహితులు హాలు వెనక్కి చూస్తారు. ఇకమీదట ఎవరి కోసం చూస్తారో నాకు తెలియదు.

నిండిన బ్యాటరీలు కుడి జేబులో, అయిపోయినవి ఎడమ జేబులో. ఆ నియమం ఎంత గట్టిదంటే ఆయన చొక్కాలన్నిటికీ రెండు జేబులు కుట్టించేవారు. చెవులకు హెడ్‌ఫోను లేకుండా కెమెరా ముట్టుకోనిచ్చేవారు కాదు. "బొమ్మ కొంచెం మసకైతే జనం సర్దుకుంటారు. మాట పోతే సర్దుకోరు" అనేవారు. జనం రావడం మొదలవగానే ముందుగా ముసలివాళ్ళను తియ్యమనేవారు. పెళ్ళికూతురి మీదనుంచి కెమెరా తిప్పడానికి నేను తటపటాయిస్తే, "పెండ్లికూతురు రేపు కూడా దొరకతాది మే. ఆ మూల చేతికర్ర పట్టుకోనుండాడే, ఆయన్ని తియ్యి" అనేవారు. ఏళ్ళ తరువాత ఆ ఇళ్ళవాళ్ళు వచ్చి మళ్ళీ అడిగే ముక్కలు అవే. తాతయ్య నవ్విన చోటు, అమ్మమ్మ అక్షతలు వేసిన చోటు.

ఇక నా చెయ్యి ఆగిపోయే పద్ధతి.

నేను చేరిన నాలుగో ఏట, జార్జి టౌన్‌లో ఒక పెళ్ళి. నేను వేదిక దగ్గర, ఆయన హాలు వెనక. వధూవరుల మధ్య అడ్డుతెర దించే క్షణంలో వెనక ఒక పెద్ద దీపం పేలింది. నేను కెమెరాతో సహా గిర్రున తిరిగాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి తెర దిగిపోయి ఉంది. ఆ పిల్లా పిల్లవాడూ ఒకరినొకరు చూసుకున్న ఆ మొదటి చూపు నా కెమెరాలో లేదు. వెనకనుంచి తీసిన ఆయన దృశ్యంలో పురోహితుడి భుజం అడ్డం. ఒక మనిషి జీవితంలో ఒక్కసారి జరిగేది పోయింది.

మర్నాడు ఆయన నన్ను వెంటబెట్టుకొని ఆ ఇంటికి వెళ్ళి, "మా తప్పే. తెర దించేది రాలేదు" అని పెళ్ళికూతురి తండ్రికి నిలబడి చెప్పారు. నా పేరు ఎత్తలేదు. తిరిగి బస్సులో వస్తూ అన్నారు: "ఎనక జరిగేదాన్ని చూసేదానికి ఊరంతా ఉండాది మే. ముందర జరిగేదానికి నువ్వొక్కదానివే ఉండావు. ముహూర్తంలో ఎనక ఏమైనా కానీ. తిరగబాక."

ఆ తరువాత పద్దెనిమిదేళ్ళలో నేను ఒక్క ముహూర్తంలోనూ వెనక్కి తిరగలేదు. అది నాకు గర్వం. కొత్తవాళ్ళకు పాఠం చెప్పేటప్పుడు ఈ మాట నా సొంతమైనట్టే చెప్పాను కూడా.

నా చదువు సంగతి ఇక్కడ చెప్పుకోవడం తప్పు కాదనుకుంటాను. పగలు పెళ్ళిళ్ళు తీస్తూ, సాయంత్రం కళాశాలలో చదివి ముప్ఫై నాలుగో ఏట పట్టా పుచ్చుకున్నాను. అప్పటినుంచి ఆయన నన్ను 'బీయేగారూ' అని పిలిచేవారు. "బీయేగారూ, లెన్సు మూత తీసినాక తీస్తే ఇంకా బాగా కనపడతాది" అని నలుగురి ముందూ అనేవారు. నేను ముఖం ముడుచుకునేదాన్ని. కానీ పట్టాలిచ్చే సభ నాడు, నేను పిలవకుండానే, ఆయన కెమెరాతో వచ్చి సభ చివర నిలబడ్డారు. నేను వేదిక మీద ఉన్నది ఏడెనిమిది క్షణాలు. ఆయన తీసిన ముక్క అంతకు చాలా రెట్లు ఉంది. నేను రాకముందు ఖాళీ వేదికకు పది అంకెలు, నేను దిగిపోయిన తరువాత ఖాళీ వేదికకు పది అంకెలు. ఎందుకని అడిగితే, "నువ్వు వచ్చినావని తెలియాలంటే నువ్వు లేంది కనపడాల గదా" అన్నారు.

ఆయనకు నా మీద ఒకటే శాశ్వతమైన ఫిర్యాదు. నేను ఎక్కడ నిలబడినా, హాలు మొత్తం పట్టే ఆయన ఫ్రేములో ఎడమ అంచున నా వీపు పడేది. "పదివేల పెండ్లిళ్ళు తీసినా నీ వీపు తప్పదా నాకు" అని హెడ్‌ఫోను తీస్తూ గొణిగేవారు. ఇంకొక అడుగు ఎడమకు జరిగితే నాకు పెళ్ళికొడుకు చెయ్యి కనపడదు. ఈ తగవు మా మధ్య ఇరవై ఏళ్ళు తెగలేదు.

ఇప్పుడు ఆ ఉదయం. మండపం గేటు దగ్గర ఆటో దిగగానే ఆయన తన స్టాండును నా చేతికిచ్చారు. మీలో ఆయన్ని ఎరిగినవారికి దీని అర్థం తెలుస్తుంది. మూడు కాళ్ళ ఆ పాత బరువు స్టాండును ఆయన ఎవరినీ తాకనిచ్చేవారు కాదు. "ఇంద మే, పట్టుకో" అన్నారు. నేను దాన్ని భుజాన వేసుకొని, మెట్లు ఎక్కుతూ, ఇన్నాళ్ళకు నన్ను అర్హురాలిగా ఎంచారని సంతోషించాను. నిజంగా అదే అనుకున్నాను. ఆయన మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతున్నారని చూశాను. స్టాండు నాకు అప్పగించిన గౌరవాన్ని నేను మోస్తున్నాను గనుక, చూసినదాన్ని ఆలోచించలేదు.

మంగళసూత్రాల పళ్ళెం హాలంతా తిరిగి వేదిక మీదికి వచ్చింది. పురోహితుడు హాలు వెనక్కి ఒక్క చూపు చూసి మంత్రం ఎత్తుకున్నాడు. అందరూ నిశ్శబ్దమయ్యారు. పెళ్ళికొడుకు లేచి నిలబడి సూత్రం రెండు చేతులా పట్టుకున్నాడు. అప్పుడు వెనక కుర్చీ పడింది. ఒక్క క్షణం తరువాత మేళం ఉవ్వెత్తున లేచి, ఇంక ఏ చప్పుడూ వినపడలేదు. మూడు ముళ్ళూ పడ్డాయి. అక్షతలు పడ్డాయి. నేను అన్నీ తీశాను. పది లెక్కపెట్టాను. మేళం తగ్గింది. అప్పుడు తిరిగాను.

నలుగురు ఆయన్ని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నారు. భోజనశాల వంటమేస్త్రి ఆయన గుండె మీద రెండు చేతులతో ఒత్తుతున్నాడు. నేను దగ్గరకు వెళ్ళేసరికి చేతులు ఆపేశాడు. ఆయన చొక్కా కుడి జేబులో రెండు బ్యాటరీలు అలాగే ఉన్నాయి.

మూడో రోజు వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు మాస్టరుగారి భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, వాకిట్లో కూర్చొని ఉన్నారు. ఏడుపు అయిపోయిన ముఖం. నన్ను చూసి ముందు అడిగిన మాట, "ఆ పెండ్లి పూర్తిగా వచ్చిందా?"

"వచ్చింది అక్కా."

"అంతా?"

"అంతా. కుర్చీ పడింది విన్నానక్కా. నేను తిరగలేదు."

"తిరిగుంటే ఏమైతాది? డాక్టరుకైనా టైము లేకపోయిందన్నారు" అన్నారు. ఆవిడే మళ్ళీ, "అట్లా అంటాను గానీ, నాకూ తెలీదు మే. నువ్వొక్క చూపు చూసుంటే, ఎవరో తెలిసినవాళ్ళ మొహం కనపడేది గదా ఆయనకి అని ఒక మనసు. తిరిగుంటే ఆయనే లేచి తిట్టేవాడని ఒక మనసు. రెండూ నాతోనే ఉండాయి. నీకెట్టా చెప్పేది" అన్నారు. తరువాత లోపలికి వెళ్ళి నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చారు.

మజ్జిగ తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చాను. కొత్తగా వచ్చేవారికి ఆ పద్ధతిని ఇకమీదట ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. తిరగవద్దని చెప్పలేను. తిరగమనీ చెప్పలేను. ఆయన ఎలా చెప్పారో అలా రాశాను, నాకు ఏం జరిగిందో కూడా రాశాను. రెండూ మీరే పక్కపక్కన పెట్టి చూసుకోండి.

పెళ్ళివారికి వీడియో ఇవ్వాలి. హాలు మొత్తం పట్టిన దృశ్యం ఆయన కెమెరాలో మాత్రమే ఉంది. పది రోజులు ఆ కెమెరా మెమరీ కార్డును డబ్బాలోనే ఉంచి, నిన్న ఉదయం తెరిచాను.

ఫ్రేము ఒక్క వెంట్రుకవాసి కూడా వాలలేదు. వేదిక, పందిరి, తలలు, అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. ఎడమ అంచున నా వీపు. మంత్రం వినిపిస్తోంది, దాని కింద ఆయన గొంతు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. కుర్చీ. నా భుజం ఉలిక్కిపడటం కనిపించింది. తల కుడివైపుకు కొంచెం, చెవి కనపడేంత మాత్రం తిరిగి, మళ్ళీ ముందుకు వెళ్ళిపోయింది. కెమెరా మాత్రం కదలలేదు. పడేముందు ఆయన స్టాండు పిడి వదిలేసి ఉండాలి. ఆసరా కోసం దాన్ని పట్టుకొని ఉంటే ఫ్రేము అదిరేది.

మేళం. మూడు ముళ్ళు. అక్షతలు. ఆ వీపు అలాగే నిలబడి ఉంది, చాలాసేపు, నాకు తెలిసినదానికంటే చాలా ఎక్కువసేపు. తరువాత తిరిగింది. నా ముఖం జనంలోంచి కెమెరా వైపు వస్తూ, పెద్దదవుతూ, లెన్సు పక్కనుంచి దాటిపోయింది.

ఆ తరువాత కార్డు నిండేదాకా ఎవరూ ఆ కెమెరాను ఆపలేదు. వధూవరులు కూర్చొని ఉన్నారు, దీపం వెలుగుతోంది. ఆయన ఇరవై ఏళ్ళు అడిగినట్టే, ఫ్రేములో ఎడమ అంచు ఖాళీగా ఉంది.