చెప్పకూడదనే రూలు

నలుసు అని ఆమెకి పేరు పెట్టింది అత్తగారే. కాపురానికొచ్చిన కొత్తలో ఈ కోడలు సున్నం వేసిన గోడ మీద కూడా మచ్చ వెతికి చూపించేది. "ఇన్ని ఇళ్లుండగా కంట్లో నలుసులాగా నా ఇంట్లోనే పడ్డావే" అంది ఆవిడ ఒకరోజు. అంతే, వీధి వీధంతా అదే పేరు పట్టుకుంది. నలభై ఆరేళ్లొచ్చినా వదల్లేదు.

పద్దెనిమిదేళ్లు ఒక కంపెనీలో వెబ్ పేజీలు కట్టింది నలుసు. మనం ఫోన్లో రైలు ఎప్పుడొస్తుందో చూసుకుంటాం చూడు, అలాంటివి. మొదటి ఆరేళ్లూ ఆమెకి ఏమీ రాలేదు. ఎందుకు రాలేదంటే, ఎక్కడన్నా చిక్కుపడితే చాలు, పక్క సీటు పెద్దమనిషి లేచొచ్చి "జరగమ్మా, నేను చేస్తా" అని కుర్చీ నెట్టేసి టకటకా కొట్టేసేవాడు. చిక్కు పోయేది. దాంతోపాటు నేర్చుకోవడమూ పోయేది. సొంత కుర్చీలో చుట్టం చూపుకొచ్చినదానిలా కూర్చుంది ఆరేళ్లు. ఆ మంట ఆమె కడుపులో అలాగే ఉండిపోయింది.

కంపెనీ మూతపడ్డాక, పుస్తకాలు బైండు చేసే షాపు మీద గది ఒకటి అడిగి తీసుకుంది. కిందనుంచి జిగురు వాసన, పైన ఆరు పాత కంప్యూటర్లు. పెద్ద చదువులు చదవని పెద్దవాళ్లకి వెబ్ పని నేర్పాలని. పాఠాలు లేవు, పరీక్షలు లేవు. పన్నెండు ఛాలెంజులు. ఒకటి చేస్తేనే రెండోది ఇస్తారు. పక్కన కూర్చుని దారి చూపించడానికి ముగ్గురు మెంటర్లు, తీరిక చూసుకుని ఊరికే వచ్చి సాయం చేసేవాళ్లు. వాళ్లకి గోడ మీద పెద్దక్షరాలతో ఒకటే రూలు: మెంటర్ చేతులు వెనక్కి, జవాబు చెప్పకూడదు, ప్రశ్న మాత్రమే అడగాలి.

అత్తగారు మెట్లెక్కి వచ్చి చూసింది. కళ్లజోడు సర్దుకుని గోడ చదివింది.

"ఏమే, అంటే గుంతలో పడబోయేవాణ్ణి చూసి, నాయనా నీ కాలి ముందేముంది అని అడగాలా?"

"అవును అత్తయ్యా. అప్పుడు వాడే చూసుకుంటాడు."

"చూసుకునేలోపు పడతాడు."

"పడితే నేర్చుకుంటాడు."

"పడేది వాడే అయితే సరే" అని గొణుక్కుంటూ దిగిపోయింది ఆవిడ. అత్తమాట అమావాస్య వెన్నెల, ఉన్నా లేనట్టే అనుకుంది నలుసు.

మెంటర్లలో పెద్దాయన టెలిఫోన్ బాబాయి. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాడు. మొదటి వారమే ఆయన నోరు జారి ఎవరికో జవాబు చెప్పేశాడు. నలుసు అందరి ముందూ అడిగింది. "బాబాయిగారూ, గోడ మీదిది మీక్కూడా రాశాం." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ తరవాత ఎప్పుడొచ్చినా చేతులు నిజంగానే వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

ఐదో ఛాలెంజ్ ఏంటంటే, వీధి మలుపులో ఉన్న చిన్న ఆసుపత్రికి, ఇంట్లో కూర్చునే డాక్టరు దగ్గర నంబరు రాయించుకునే పేజీ కట్టాలి. ఉత్తుత్తి పేజీ. కానీ ఏ ఫోన్లో అయినా తెరుచుకోవాలి. ఎవరి పేజీలో వాళ్లు కాకుండా, పక్కవాళ్ల పేజీలో రోజుకి పదిమంది దొంగ పేషెంట్లని నింపి అది ఎక్కడ పగులుతుందో చూడాలి. ఇక చూస్కో, అందరికీ పండగే. ఒకడు వయసు నాలుగొందలేళ్లని రాస్తాడు. ఒకామె జబ్బు దగ్గర "మా ఆయన గురక" అని రాస్తుంది. ఇంకొకరి గేదెకి జలుబట.

అందరిలోకీ బాగా కట్టింది వ్యాను డ్రైవరు. పదిహేనేళ్లు జనాల సామాన్లు మోసినవాడు, అవతలి మనిషి ఎక్కడ చిరాకుపడతాడో తెలుసు. వివరాలు నింపగానే అతని పేజీ మాట్లాడేది: "మీ వివరాలు అందాయి. డాక్టరుగారే మీకు ఫోన్ చేస్తారు. దయచేసి ఇంట్లోనే ఉండండి."

"ఎంత మర్యాదగా ఉందో చూడండి" అంది నలుసు. మెచ్చుకోవడం ఆమె నోట్లోంచి ఏడాదికొకసారి ఊడిపడుతుంది. అతను ఆ రోజు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాడు.

ఎవరికీ తట్టనిది ఒకటుంది. ఆ ఆసుపత్రికి సొంత పేజీ అంటూ లేదు. ఏ ఫోన్లో అయినా తెరుచుకోవాలని అందరికీ కనబడేలా పెట్టారు కదా, దాని పేరు కొడితే ముందుగా వచ్చేది వ్యాను డ్రైవరు పేజీయే. అందులో ఏం రాసినా ఏ డాక్టరుకీ వెళ్లదు. జిగురు వాసన గదిలో, తెర మీద, గేదె జలుబు కింద ఇంకో వరసగా పడుతుంది.

సోమవారం పడింది. "మా ఆయన అరికాల్లో మేకు దిగింది. షుగరుంది. పుండు మానడం లేదు."

మంగళవారం అదే ఫోన్ నంబరుతో: "బొటనవేలు నల్లబడింది. ఎప్పుడు ఫోన్ చేస్తారు?"

ఆ నంబరు మీద టెలిఫోన్ బాబాయి కళ్లు ఆగాయి. జీవితమంతా నంబర్ల మధ్య బతికిన మనిషి. ఉత్తుత్తిగా రాసేవాళ్లు ఒకట్లూ సున్నాలూ పేరుస్తారు, ఒకటి రెండు మూడు అని పోతారు. ఇది అలా లేదు. ఇది ఎవరో మోగితే ఎత్తే నంబరులా ఉంది. చెప్పబోయాడు. గోడ కేసి చూశాడు. చేతులు వెనక్కి కట్టుకుని డ్రైవర్ని అడిగాడు.

"ఈ నంబరు గురించి ఏమనుకుంటున్నావు నాయనా?"

డ్రైవరుకి అది ప్రశ్న అనిపించలేదు, ఛాలెంజ్ అనిపించింది. పది అంకెలున్నాయో లేదో పేజీయే చూసుకునేలా చెయ్యమంటున్నారన్నమాట అనుకున్నాడు. ఆ రాత్రంతా తల బద్దలుకొట్టుకుని చేశాడు. "చూడండి బాబాయిగారూ, ఇప్పుడు తొమ్మిదంకెలు కొడితే ఒప్పుకోదు." ఆయన మింగలేక కక్కలేక తలూపాడు. నలుసే చూసుకుంటుందిలే అనుకున్నాడు, మచ్చ కనిపెట్టడంలో ఆవిడ్ని మించినవాళ్లెవరు?

బుధవారం: "వాసన వస్తోంది. మీరు ఫోన్ చేస్తారని ఇల్లు కదల్లేదు."

నలుసు దాన్ని చూసింది. చూసి, పైకి చదివింది అందరికీ. "దొంగ పేషెంటంటే ఇలా రాయాలి. రోజురోజుకీ ముదురుతోంది చూడండి, అచ్చం నిజంలా ఉంది. నాలుగొందలేళ్లట, గేదెట. ఇది రాసిందెవరు?" ఎవరూ చెయ్యెత్తలేదు. ఒకర్నొకరు చూసుకుని నవ్వుకున్నారు. సిగ్గుపడుతున్నారనుకుంది. "పేరు చెప్పకపోయినా పదికి పది."

గురువారం: "జ్వరం కాలిపోతోంది. పొంతన లేకుండా మాట్లాడుతున్నారు. మేం ఏమన్నా తప్పుగా నింపామా?"

శుక్రవారం ఏమీ పడలేదు. మధ్యాహ్నం మూడయింది. టెలిఫోన్ బాబాయి తెర ముందు నిలబడి కిందికీ పైకీ చూస్తున్నాడు. ఎక్స్ఛేంజీలో ఉన్నప్పుడు కూడా అంతేనట, మోగే గంటకి కాదు, రోజూ మోగి ఇవాళ మోగని గంటకి భయపడేవాడు. చేతులు ముందుకి తెచ్చి నలుసు బల్ల మీద ఆనించాడు.

"అమ్మాయ్, ఇవాళ అడగను, చెప్తాను. ఈ నంబరు మనవాళ్లెవరిదీ కాదు. మంగళవారమే అనిపించింది నాకు."

"మంగళవారమా? మరి చెప్పలేదేం?"

ఆయన గోడ వైపు చూడనైనా లేదు. ఆమే చూసింది.

ఫోన్ చేసింది నలుసు. ఒక్క మోతకే ఎత్తారు. ఆడమనిషి గొంతు, నిద్రలేక బొంగురుపోయి ఉంది. "ఆసుపత్రేనా అండీ? ఉన్నామండీ, ఇంట్లోనే ఉన్నాం." ఇల్లెక్కడో అడిగి పెట్టేసింది నలుసు.

వ్యాను తీశాడు డ్రైవరు. పది నిమిషాల దారి. దారిలో అతను ఒక్క మాటే అన్నాడు: "అక్కా, ఇంట్లోనే ఉండండని రాసింది నేనే."

వాళ్లు దిగేసరికి తలుపు తీసే ఉంది. గుమ్మం తుడిచి ఉంది. మంచం పక్కన ఉతికిన దుప్పటి పరిచిన స్టూలు, చేతులు కడుక్కోడానికి చెంబుతో నీళ్లు, మడత విప్పని తువ్వాలు. డాక్టరు ఇంటికే వస్తారనుకుని ఆయన భార్య నాలుగు రోజుల్నుంచీ రోజూ అలాగే సర్ది పెడుతోందట. గదిలోకి అడుగుపెట్టగానే వాసన ముఖానికి కొట్టింది.

"రండి డాక్టరమ్మా. కూర్చోండి."

"నేను డాక్టర్ని కాదమ్మా. ముందు లేపుదాం, పెద్దాసుపత్రికి వెళ్దాం."

మంచం మీదాయన తాపీమేస్త్రీ. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎవర్నీ చూడటం లేదు. మోకాలి కింద దాకా ఎర్రగా వాచి, పాదం దగ్గర బొగ్గు రంగు. డ్రైవరూ నలుసూ చెరోవైపు పట్టుకుంటే, ఆయన భార్య ఆ కాలిని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని వ్యాను దాకా నడిచింది.

పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరు "ఎన్ని రోజులైంది?" అని ఒక్కటే అడిగి లోపలికి తీసుకుపోయాడు. డ్రైవరు వ్యాను పక్కకి పెట్టడానికి వెళ్లాడు, బయట బెంచీ మీద ఆడవాళ్లిద్దరే మిగిలారు. మేస్త్రీ భార్య మెల్లిగా అడిగింది.

"మీరు డాక్టరు కాకపోతే, మేం రాసినవి ఎవరు చదివారు?"

"నేనే."

"అన్నీనా?"

"అన్నీ."

"చదివి ఏం చేశారు?"

నలుసుకి అబద్ధం రాదు, అదే ఆమెకున్న రోగం. పేజీ ఉత్తుత్తిదని చెప్పింది. నేర్చుకునేవాళ్లదని చెప్పింది. గదిలో అందరికీ చదివి వినిపించానని చెప్పింది. నవ్వారని కూడా చెప్పింది. ఆ మనిషి తిట్టలేదు, శపించలేదు. కాస్త జరిగి కూర్చుంది, అంతే. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు.

నర్సు కాయితం పట్టుకొచ్చింది. కాలు మోకాలి పైదాకా తీసేయాలి, అయినా ప్రాణానికి పూచీ లేదు, సంతకం పెట్టాలి. మేస్త్రీ భార్య కాయితం తీసుకుని దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది. నర్సు తొందరపడుతోంది. మేస్త్రీ భార్య పెన్ను అందుకోకుండా కాయితాన్ని బెంచీ మీద ఆ ఖాళీ చోట్లోంచి నలుసు వైపు జరిపింది.

"చదవండి" అంది. "ఒక్క ముక్క వదలకుండా చదవండి."

నలుసు పైకి చదవడం మొదలుపెట్టింది.