ఒకే వరుసలో నాలుగు చుక్కలు

ఈ రోజు కంకిపాడు నుంచి ఒకావిడ ఎముకల స్కాన్‌కి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఎముకలకి పాకిందేమో చూడాలి. ఎడమ పక్కటెముకల మీద నాలుగు నల్లచుక్కలు, గీత గీసినట్టు ఒకే వరుసలో కనిపించాయి. క్యాన్సరైతే ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఇలా వరుసగా ఉంటే చాలావరకు దెబ్బే.

"ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా అమ్మా?"

"పడలేదండీ. మా ఆయన మంచం కోడుతో కొట్టాడు. కింద పడేసి తన్నాడు. అది కూడా కనబడుద్దా?"

నేను స్కాన్ తీసేదాన్నే, ఫలితం చెప్పడం నా పని కాదు. అయినా నోరాగలేదు. "ఇవి ఆ దెబ్బలే అయ్యుండొచ్చు. డాక్టరు గారు చూసి చెప్పాలి."

ఆమె ముఖం వెలిగిపోయింది. "దేవునికి స్తోత్రం! అయితే క్యాన్సర్ కాదన్నమాట."

బయట భర్త చేతులు జోడించి ఏడుస్తున్నాడు. "పాకలేదు కదా మేడమ్? మా ఆవిడ లేకపోతే బతకలేనండీ."

ఆ చేతులు విరిచేయాలనిపించింది. "డాక్టరు గారు చెప్తారండీ" అన్నాను, రోజూ అనేదే.

డాక్టరుకిచ్చే కాగితంలో "భర్త కొట్టాడు" అని రాశాను. ఫైలు మోసుకెళ్లేది అతనేనని గుర్తొచ్చి చింపేసి, డాక్టరుకి నోటితో చెప్పొచ్చాను. ఆవిడ నవ్వు ముఖంతో అతని బండి వెనకెక్కి వెళ్లిపోయింది.

చింపిన కాగితం ఇంకా నా బ్యాగులోనే ఉంది. మీరైతే దాన్ని ఫైల్లోనే ఉంచేవారా?