బెజవాడ హాల్లో మా బావ

బెజవాడ మాకు పరాయి దేశమైన రోజులవి. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయినా మా నవాబు తన రాజ్యాన్ని వేరుగానే ఉంచుకున్నాడు. ఆ పరాయి దేశానికి నేనూ, మా అక్క ఎల్లమ్మా వెళ్ళింది ఒక సినిమా చూడటానికి. ఊళ్ళల్లో తుపాకులు మోగుతుంటే వీళ్ళకు ఈ సోకేమిటని మీరనుకోవచ్చు. మా ఊళ్ళోవాళ్ళూ అదే అన్నారు.

అక్క అత్తగారి ఊరు దేవరుప్పుల దగ్గర. దొర మనుషులు ఆ ఊరి మీద పడ్డ రోజు మా బావ పొలం నుంచే ఎటో పారిపోయాడు. మళ్ళీ జాడ లేదు. నాలుగు నెలలు చూసి పెద్దమనుషులు ఒక మాట చెప్పారు: గడ్డితో మనిషి రూపం కట్టి, దాన్ని కాల్చి, కర్మ జరిపిద్దామని. శవం దొరకనివాళ్ళకు మా వైపు అంతే. బావ తల్లి ఒప్పుకోలేదు. "నా కొడుకును గడ్డి చేస్తరా?" అని తలుపు వేసుకుంది.

సరిగ్గా అప్పుడే జనగామ బీడీల వ్యాపారి ఒకాయన కబురు తెచ్చాడు. బెజవాడలో అసలు సినిమాకు ముందు వార్తల బొమ్మ వేశారట. సరిహద్దు దాటిపోయిన మనవాళ్ళ శిబిరం చూపించారట. గంజి వరసలో బావ ఉన్నాడట. "నా కండ్లతోని సూసిన, గాయనే" అన్నాడు. పది రోజులు ఆగమని అక్క పెద్దలను బతిమాలింది. మూడేళ్ళ పిల్ల సోమక్కను అత్త దగ్గర వదిలి, నన్ను తోడు తీసుకుని బయలుదేరింది.

పొద్దున ఏడున్నరకు జనగామలో బండెక్కాం. మూటలో జొన్నరొట్టెలు, మిరపకాయ తొక్కు. కాజీపేటలో బండిని గంటన్నర నిలబెట్టారు. ముందు పట్టాలు చూసి వస్తేగాని కదలదట. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, రొట్టెలు తిన్నాం. ఎదుటి బల్ల మీది మిర్చి బేరగాడు యాడికి పోతున్నారని అడిగాడు. సినిమాకన్నాను. "గిసొంటి దినాలల్ల సినిమానా తమ్మీ!" అని మొహం అటు తిప్పుకున్నాడు. ఎర్రుపాలెంలో జవాన్లు ఎక్కి మూటలు విప్పించారు, మిగిలిన రొట్టెను కూడా విరిచి చూశారు. సాయంత్రం ఆరింటికి బెజవాడ. మా హాలీ సిక్కాలు అక్కడ చెల్లవు కాబట్టి స్టేషన్ బయటే మార్చుకుని, సత్రంలో దిగాం.

మర్నాడు మూడింటి ఆటకు నేల టికెట్లు తీసుకున్నాం. ఆడవాళ్ళ వైపు వేరు, మధ్యలో తడిక. అక్క ఒక్కతే అటు, నేను ఇటు. నిజం చెప్పాలి, నాకది మొదటి సినిమా. బావ సంగతి తెలియక దిగులున్నా, ఉబలాటం మాత్రం ఆగలేదు.

దీపాలార్పారు. ఏవో ఓడలు, ఎవరివో ఉపన్యాసాలు. ఆ తర్వాత తాటాకు పాకలు, జనం, గంజి గంగాళాలు. వరసలో ఒక మనిషి వెనక్కి తిరిగాడు. మా బావే. బాగా సన్నబడ్డాడు. ఏదో అడిగినట్టు పెదవులు కదిలాయి. అంతలో బొమ్మ మారింది.

తడిక అవతల అక్క గొంతు లేచింది. "సోమక్క నాయినా! ఓ సోమక్క నాయినా! గిటు సూడు, నేనొచ్చిన!"

మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు, పిల్ల పేరు పెట్టే పిలుస్తారు. హాలంతా నవ్వింది. "బొమ్మకు చెవులుంటాయా అమ్మా? ఏ ఊరు మీది?" అన్నాడు నా పక్కనాయన. వాణ్ణి ఒక్కటి చరచాలనిపించింది. పరాయి చోటని ఊరుకున్నాను.

బయటికి వెళితే వరండాలో అక్క ఏడుస్తూ నవ్వుతోంది. "ఉన్నడు తమ్మీ, బతికే ఉన్నడు. పొద్దుగాల్నే పోయి తోలుకొచ్చుకుందాం. టికెట్ కొన్నవు గద, నువ్వు పోయి సూడుపో." నేను వెళ్ళి పూర్తిగా చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ సాయంత్రం అక్క బజార్లో బావకొక పంచె కొన్నది.

సత్రంలో అడిగితే శిబిరం ఊరికి రెండు మైళ్ళన్నారు. తెల్లవారి ఏడింటికల్లా చేరాం. చిట్టా రాసే ఆయన బావ పేరడిగితే అక్క నా వైపు చూసింది, నేను చెప్పాను. ఆయన మా ప్రాంతపు ముసలాయన్ని ఒకర్ని పిలిపించాడు. ఆ ముసలాయన అక్కను కూర్చోమన్నాడు.

"గత్తరొచ్చి, వాంతులు బేదులై పోయిండు బిడ్డా. నెల దాటింది. ఈ చేతులతోనే మన్నేసిన."

"నిన్ననే చూసినం సినిమాల!" అని నేను ఆయన మీద కోపగించుకున్నాను.

"బొమ్మ తీసెటోళ్ళు వచ్చిపోయి రెండు నెలలాయె తమ్మీ."

తెర మీద కనిపించినవాడు ఆ పూట బతికి ఉన్నట్టేనని మా నమ్మకం. ఎప్పుడో తీసి, డబ్బాల్లో ఊరూరా తిప్పుతారని మాకెవరు చెప్పారు? అక్క ఏడవలేదు. మట్టి దిబ్బ చూసింది. పంచె ఆ ముసలాయన చేతిలో పెట్టింది.

పదకొండు గంటల బండికి తిరుగు ప్రయాణం. మానుకోటలో ఒక అవ్వ చింతపండు గంపతో ఎక్కింది, కేసముద్రం పోవాలట. ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగింది.

"బెజవాడకెళ్ళి వస్తున్నం. సినిమాకు పోయినం" అన్నది అక్క.

"నేనెన్నడు సూడలె బిడ్డా. ఏముండె అండ్ల?"

"మా ఇంటాయన ఉండె. గంజికి నిలబడ్డడు. ఎన్కకు తిరిగి సూసిండు."

"మల్ల?"

"మల్ల లేడవ్వా" అని అక్క అప్పుడు ఏడ్చింది. కేసముద్రం వచ్చినా అవ్వ దిగలేదు. అక్క తల ఒళ్ళో పెట్టుకుని కాజీపేట దాకా మాతోనే వచ్చింది.

ఆ తర్వాత ఎన్నో సినిమాలు చూశాను. ఆనాడు వరండాలో అక్కను వదిలి చూసిన సినిమా కథ మాత్రం ఒక్క ముక్క గుర్తు లేదు.

దీపాలు పెట్టే వేళకు జనగామలో దిగాం. మెట్ల దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది.

"తమ్మీ, నేనన్నా సూసిన. అత్త సూడలె గద. ఆమెను తోలుకపోదాం. ఒక్కసారి కొడుకు మొఖం సూసుకుంటది. గా తర్వాత కర్మ చేస్తరేమో చేయనీ."

ప్రతి శుక్రవారం వార్తల బొమ్మతో సహా ఆట మారుస్తామని బెజవాడ హాలు గోడ మీద రాసి ఉంది. అక్కకు చదువు రాదు. ఆ రోజు గురువారం.

"సరే అక్కా" అన్నాను.