నాలుగు మూలలా పసుపు

రాసుకున్నది ఏ ఊళ్లోనైనా తెరుచుకునే పెట్టె ఒకటి కంప్యూటర్లో ఉందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది సరోజిని వదిన. అవనిగడ్డ బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటరు నడిపేది. ఆవిడ మంచితనానికి ఇప్పటికీ నమస్కారమే. ఆ కబురు పుణ్యాన గుడివాడ పెళ్లి మండపంలో నా పరువు ఎలా కృష్ణలో కలిసిందో చెబుతాను, నిదానంగా నవ్వుకోండి.

మా మహాలక్ష్మమ్మ పిన్ని పాడందే మా ఇళ్లలో ఆడపిల్ల అత్తారింటికి కదిలేది కాదు. అప్పగింతల పాట ఆవిడకొక్కదానికే మొత్తం వచ్చు. అలాంటిది మా అన్నయ్య కూతురు పద్మ పెళ్లినాటికి పిన్ని తుంటి విరిగి మంచాన పడింది.

"అత్తా, నానమ్మ పాట లేకుండా నేను కారెక్కను," అంది పద్మ.

"నేను రాసి తెస్తాగా," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. పిన్ని పాడుతుంటే నోటుబుక్కులో రాసుకుని, దాన్ని సరోజిని వదిన దగ్గరికి పట్టుకెళ్లాను.

నేను బడికెళ్లినదాన్ని కాను. నాన్నగారు వసారాలో కూర్చోబెట్టి తెలుగూ, కాస్త ఇంగ్లీషూ నేర్పారు. ఆ కాస్తకే ఆ పెట్టె నాకు లొంగింది. పైన బొత్తాల వరుస. ఒకటి నొక్కితే అక్షరం లావెక్కుతుంది, ఇంకోటి నొక్కితే కాస్త వాలుతుంది, మరోటి నొక్కితే రంగులు. పాటంతా కుంకుమరంగులో పెట్టాను. శుభమా అని పెళ్లిపాట, పసుపు లేకుండా ఎలా? శుభలేఖకు పూసినట్టు నాలుగు మూలలా పసుపురంగు చుక్కలు పెట్టాలనిపించింది. కుడివైపు మూలకు చుక్క చేరాలంటే మధ్యలో ఖాళీ కావాలి. పొడుగాటి మీట నొక్కుతూ కూర్చున్నాను, లక్షవత్తుల నోము పట్టినంత శ్రద్ధగా.

"పసుపు దేనికి వదినా?" అంది సరోజిని.

"మంచిపనికి బోసిగా ఉండకూడదమ్మా."

"పోనీ, ఇక్కడే ప్రింటు తీసివ్వనా?"

"బస్సులో నలిగిపోతుంది. అక్కడ తీయిస్తాలే."

పెళ్లికి ముందు నలుగురి కళ్లూ పడితే దిష్టని, పాట రాసిన పేజీని అందరికీ కనబడేలా బయటపెట్టకుండా ఆ పెట్టెలోనే చిత్తుప్రతిగా దాచాను. కంప్యూటర్లో ఉండగా బరువెందుకని నోటుబుక్కు ఇంట్లోనే వదిలేశాను. ఇల్లలకగానే పండగ కాదంటారు. నేను అలికిందైనా ఇల్లా అంటే, అదీ కాదు.

గుడివాడలో మూడింటికి అప్పగింతలు. రెండింటికి అక్కడి నెట్ సెంటర్లో పేజీ తెరిపించాను. బొత్తాల వరుస లేదు. కుంకుమ లేదు. అక్షరానికో అంకె, అంకెల చుట్టూ ఇంగ్లీషు ముక్కలు.

"ఇదేంటి బాబూ, నా పాటేది?" అని సెంటరు కుర్రాణ్ణి అడిగాను.

"ఇదేనండి మీ పాట. ఆ బొత్తాల పెట్టె మా బ్రౌజర్లో పనిచెయ్యదండి. లోపలి సరుకంతా ఇలా బయటపడుద్ది."

"బ్రౌజరంటే?"

"ఇంటర్నెట్టుని చూపించే కిటికీ అనుకోండి. మీరు వేరే కిటికీలోంచి రాశారు. ఆ కిటికీకి వైరస్ పట్టిందని మొన్నే తీసేశానండి." ఏవేవో నొక్కి చూశాడు పాపం. ఏదీ పలకలేదు. ఉన్నదున్నట్టే ప్రింటు తీయమన్నాను. తొమ్మిది కాగితాలొచ్చాయి.

మండపం గుమ్మంలో ఆడవాళ్లంతా చుట్టూ చేరారు. వియ్యపురాలు ఒక కాగితం అందుకుని కళ్లజోడు సర్దుకుంది.

"ఎన్ బి ఎస్ పి, ఎన్ బి ఎస్ పి, ఎన్ బి ఎస్ పి... ఏం జపమండీ ఇది? కాగితం నిండా ఇదే ఉంది."

అవి నేను నోములా నొక్కిన ఖాళీలని తర్వాత తెలిసింది. పసుపు చుక్క మూలకు చేరడానికి పడ్డ ప్రయాణమంతా అక్షరాలా అక్కడుంది.

"మీవైపు అప్పగింతలు ఇంగ్లీషులోనాండీ?" అందింకొకావిడ. అందరూ నవ్వారు. పద్మ నవ్వలేదు. కారు తలుపు పట్టుకుని, ఎక్కకుండా నావైపే చూస్తోంది. ఆ చూపు ముందు నా తెలివంతా నీళ్లెక్కువైన గారెపిండిలా అయిపోయింది.

అన్నయ్య సెల్‌ఫోను లాక్కుని పిన్నికి చేశాను.

"పిన్నీ, పాట పోయింది."

"పాటెక్కడికి పోతుందే? నా దగ్గరే ఉంది. ఒక్కో మాటా చెబుతా, అనిపించు."

నేను ఫోను చెవికానించుకుని పిన్ని పాడిన మాట పైకి పాడాను. ఆడవాళ్లందుకున్నారు. "బిందె ఎత్తినప్పుడల్లా నిన్ను తలుస్తామమ్మా" అన్నచోట అటు పిన్ని గొంతు ఆగింది. ఇటు అందరం ఆగాం. పద్మ ఫోను తన చెవికి పెట్టుకుంది. పిన్ని ఏమందో ఏమో, పద్మ కళ్లు తుడుచుకుని కారెక్కింది.

రొట్టె విరిగి నేతిలో పడిందంటారు. నాది ముందు బూడిదలో పడి, ఆ తర్వాత దేవుడి దయవల్ల నేతిలోకి దొర్లింది. పేజీ సరిగ్గా తెరుచుకుని ఉంటే కాగితం చూసి పాడేసేవాళ్లం. మంచంలో ఉన్న మనిషి పెళ్లికి వచ్చి ఉండేది కాదు. తెరుచుకోని ఆ కిటికీకి కూడా ఒక దండం పెట్టుకున్నాను.

ఇంటికెళ్లి జరిగిందంతా చెబితే పిన్ని అంతా విని, "ఇంకానయం, గంధం కూడా పూయలేదు," అంది.

అందుకే దీపం సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో కంప్యూటరుకు పసుపు పూయను. పూయక తప్పకపోతే, ఎడమవైపు మూలలతో సరిపెడతాను.

పిన్ని ఇప్పుడు లేదు. మీ ఇంట్లో ఆడపిల్లను అప్పగించేనాడు, బిందె ఎత్తే మాట ఎవరైనా పాడితే, మా మహాలక్ష్మమ్మ పిన్నిని ఒక్కసారి తలచుకోండి.