ఆంటీ అరచేయి

దోహా శివారు అల్ వుకైర్‌లో మా పై ఫ్లోర్ ఆంటీ ఏటా సెలవుల్లో ఆఫ్రికాలోని బోట్స్వానా వెళ్ళి ఏనుగుల ఫొటోలు తీసుకొచ్చేవారు. జంతువు కనబడితే అక్కడి గైడ్లు అరచేయి మెల్లగా కిందికి దించుతారట, జీపులో ఎవరూ మాట్లాడొద్దని. ఆ సైగ ఆవిడకూ అలవాటైపోయింది.

మూడేళ్ళొచ్చినా మా పాపకు మాటలు రాలేదు. ఒకరోజు ఆంటీ కెమెరాతో మా ఇంట్లో నేలమీద కూర్చున్నారు. పాప దగ్గరికెళ్ళి, తెరమీది గున్న ఏనుగును వేలితో తాకింది.

"ఏనుగు అను తల్లీ, ఏ-ను-గు," అన్నాను ఆత్రంగా.

ఆంటీ అరచేయి కిందికి దిగింది. "ఉండవమ్మా! నువ్విలా తరిమితే నా ఏనుగులైనా పారిపోతాయి."

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. పాప "ఏ" అంది.

ఆంటీ ఇప్పుడు దోహాలో లేరు. పాపకు పదకొండు మాటలొచ్చాయి. ఇవాళ పన్నెండోదాని కోసం అది పెదాలు కదుపుతుంటే, అందివ్వబోయి ఆగాను. నా అరచేయి దానంతటదే కిందికి దిగింది.