మెడకు గుచ్చని ఉన్ని

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ వదిన ఉన్నిదారం కొనే పద్ధతి నేనింకెక్కడా చూడలేదు. దారపు ఉండను గడ్డం కింద మెడకు ఆనించి కళ్ళు మూసుకునేది. చాలాసేపు అలాగే ఉండి, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టేసేది.

ఆవిడ భర్త ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్. ఒకసారి వేడినీళ్ళు చిమ్మి ఆయన మెడ కాలింది. పుండు మానినా, ఆ పల్చని చర్మం ఏ స్వెట్టర్‌నీ ఓర్చుకోలేదు. చలికాలం మొదలవుతూనే వదిన నన్ను వెంటబెట్టుకుని బజారంతా తిరిగింది.

అన్నీ మెత్తనివేనని ఒక దుకాణదారు విసుక్కున్నాడు. "దీదీ, సబ్ నరమ్ హై."

"నీ చేతికి నరమే భయ్యా, కాలిన మెడకి కాదు," అని తెలుగులోనే అనేసి, ఇంకోటి తియ్యమని సైగ చేసింది.

చివరికి పట్టు కలిసిన ఉన్ని ఒకటి ఆవిడకు నచ్చింది. కానీ అది పసిపిల్లల కోసం తెప్పించిన సరుకు. ఉన్నది లేత గులాబీ రంగొక్కటే.

"గులాబీ రంగేటే? షెడ్‌లో అందరూ నవ్వరా?" అన్నాడు అన్నయ్య, ఇంటికి తెచ్చిన ఉండలు చూసి.

"నవ్వనీండి. చలికి వణికేది ఆళ్ళు కాదు కదా," అని వదిన సూదులు అందుకుంది.

స్వెట్టర్ పూర్తయిన సాయంత్రం ఆయన అది తొడుక్కుని, పైన కోటు వేసుకుని డ్యూటీకి బయల్దేరాడు. వదిన గుమ్మంలో ఆపి, మెడ దగ్గర వేలు పోనిచ్చి సర్దింది. కాలినప్పటి నుంచి అక్కడ ఎవరి చెయ్యీ పడనివ్వని మనిషి కదలకుండా నిలబడ్డాడు.

"గుచ్చుతందా?"

"లేదే. ఇలాటిదే ఇంకోటి అల్లు. ఈ రంగే అయినా పర్లేదు."